రెండో రన్నర్

శుక్రవారం సాయంత్రం ఎండ దిగాక, ఒమాన్‌లోని అల్ హైల్‌లో ఒక అద్దె టర్ఫ్ మీద మేము ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం. కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, అమెరికా వాళ్ళది. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని అవతలి జట్టు చివరి గీత దాకా పరిగెత్తాలి. నడుముకు రెండు పక్కలా గుడ్డ పట్టీలు వేలాడుతుంటాయి. అవతలివాళ్ళు ఒక్క పట్టీ లాగేస్తే చాలు, అక్కడితో మన పరుగు ఆగిపోతుంది, మళ్ళీ అక్కడినుంచే ఇంకో పరుగు మొదలుపెట్టాలి. బంతి పట్టుకుని పరిగెత్తే మనిషిని రన్నర్ అంటారు. మా జట్టు రన్నర్ ఆపా; ఉర్దూలో అక్క అని, అందరం అలాగే పిలిచేవాళ్ళం. ఆమెకేమైనా అయితే దిగాల్సిన రన్నర్‌ని నేను.

ఆపాకు ఎప్పుడూ ఏమీ అయ్యేది కాదు.

ఆమెది హైదరాబాద్. బౌషర్‌లో నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసే క్లినిక్‌లోనే రిసెప్షన్‌లో ఉండేది. నన్ను ఈ ఆటలోకి లాగింది ఆమే. "రూమ్‌ల కూసొని పుస్తకాలు సదివి సదివి బూజు పడుతున్నవే. చల్, గ్రౌండ్‌కు పోదాం" అని ఒక శుక్రవారం మా తలుపు దగ్గర నిలబడింది. కాదనాలన్నా నోరు తెరవాలి కదా. అది చేతకాక బూట్లు వేసుకుని వెళ్ళాను.

మా కోచ్ అమెరికా ఆవిడ, ఇక్కడ ఒక స్కూల్లో టీచర్. వాళ్ళ తమ్ముడు అక్కడ ప్రొఫెషనల్ జట్టులో చాలా ఏళ్ళు రెండో రన్నర్‌గా ఉన్నాడట. అతని గురించి నీళ్ళు తాగే విరామాల్లో చెప్పేది. మొదటి రన్నర్ కింద పడి లేవడం ఆలస్యమైతే ఇతను హెల్మెట్ పట్టీ బిగించేవాడు. అతను లేచి దులుపుకోగానే మళ్ళీ వదులు చేసుకునేవాడు. ఇంట్లో వాళ్ళమ్మ టీవీలో ఆట చూసేది కాదట. కెమెరా గీత బయటికి తిరిగినప్పుడు కొడుకు కనిపిస్తాడేమోనని చూసేదట. వారమంతా ప్రాక్టీసులో అతనికి ఒకటే పని. రాబోయే ఆటలో ఎదుటి జట్టు రన్నర్ ఎలా పరిగెత్తుతాడో, తనవాళ్ళకు అలా పరిగెత్తి చూపించాలి. "జీతం దానికే ఇచ్చేవాళ్ళు" అంది కోచ్ నవ్వుతూ. మరి అతని సొంత పరుగు ఎలా ఉండేదో అడుగుదామనుకున్నాను. అడగలేదు.

నా పనీ అదే మరి. ప్రాక్టీసులో ఒక వారం పొడుగు కాళ్ళమ్మాయిలా పెద్ద అంగలు వేసేదాన్ని, ఇంకో వారం ఎడమకు వాలి కుడికి తిరిగే అమ్మాయిలా తిరిగేదాన్ని. మావాళ్ళు నా పట్టీలు లాగి లాగి శుక్రవారానికి తయారయ్యేవాళ్ళు. ఆట రోజు మాత్రం నేను బెంచీ మీద. కూర్చుంటే కాళ్ళు ఊగేవి, నిలబడితే ఎక్కడ నిలబడాలో తెలిసేది కాదు. సంచీలోంచి పుస్తకం తీసి ఒకటే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివేదాన్ని. ఆపా కాస్త కాలు మెలికపడినట్టు కనిపిస్తే చాలు, పుస్తకం మూసేసేదాన్ని.

ఆ సీజన్ ఆఖరి ఆట రానే వచ్చింది. కోచ్‌కు స్కూల్లో కాంట్రాక్టు అయిపోయింది, ఆ వారమే వెళ్ళిపోతోంది. ఆమె లేకపోతే మా జట్టూ లేదు. ఆ రోజు దిగకపోతే నేను ఈ ఆట ఆడాననే చెప్పుకోలేను. నాలో నేను కూడా.

ఎదురుగా ఒమానీ అమ్మాయిల జట్టు, మంచి జోరు మీద ఉంది. ఆట సగం దాటింది. మేము చాలా వెనకబడ్డాం. అప్పుడు ఆపా పట్టీలుండే బెల్టు క్లిప్పు విరిగింది. బెల్టు లేకుండా ఆడనివ్వరు. తిట్టుకుంటూ బయటికి వచ్చి, "పిన్నీసుందా ఎవరి దగ్గరన్నా? అరె జల్దీ!" అని అరిచింది. కోచ్ నా వైపు వేలు చూపించింది.

లోపలికి ఎలా వెళ్ళానో తెలియదు. బంతి నా పొట్టకు వచ్చి తగిలింది. పరిగెత్తాను. ఎవరిలా పరిగెత్తాలో ఎవరూ చెప్పలేదు. ఒకమ్మాయిని తప్పించాను, ఇంకొకరిని తప్పించాను. మూడో అమ్మాయి ఎదురొచ్చింది. ఆమె పక్కన ఎంతో ఖాళీ ఉంది. నేను వంగి, ఆమె మోచేయి ముట్టుకుని, గిరుక్కున తిరిగి మా వైపుకు పరిగెత్తుకొచ్చేశాను! బయలుదేరిన గీత దాటాక గాని ఊపిరి వదల్లేదు. దాటి, చెయ్యి పైకెత్తాను.

స్కూల్లో నేను కబడ్డీ రైడర్‌ని.

టర్ఫ్ మీద ఎవరూ కదల్లేదు. ఒకమ్మాయి నెమ్మదిగా నడిచొచ్చి నా పట్టీ లాగింది.

"అరె పిచ్చిదానా!" బయటినుంచి ఆపా. "ఇటెందుకొచ్చినవే? ఇటేమున్నదే? అటు ఉరుకాలె, అటు!"

కోచ్ దగ్గరికొచ్చి, ఎందుకు వెనక్కి వచ్చావని అడిగింది.

"ముట్టుకున్నాను కదా" అన్నాను.

"అయితే?"

"మా ఆటలో ముట్టుకుని మనవైపుకు రావాలి. అక్కడే ఉండిపోతే అవుట్."

ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. పక్కన ఆపా పిన్నీసు పెట్టడం అయిపోవచ్చింది. నన్ను ఇప్పుడు కూర్చోమంటారు, ఇక ఎప్పటికీ ఇంతే.

"ఇంకొక్కసారి" అన్నాను.

కోచ్ స్కోరు వైపు చూసింది. "సరే, ఎలాగూ ఓడిపోయాం" అంది. అది నా మీద నమ్మకంతో అన్న మాట కాదని నాకు తెలుసు. అయినా మళ్ళీ ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని గబగబా వెళ్ళి నిలబడ్డాను.

ఈసారి బంతి తీసుకుని తిన్నగా పోయాను. గొప్పగా ఏమీ పోలేదు, మా క్లినిక్ తలుపు నుంచి రిసెప్షన్ బల్ల దాకా ఉంటుందేమో. పక్కనుంచి చెయ్యొచ్చి పట్టీ ఊడింది.

"ఖలాస్!" అని నవ్వింది ఆ అమ్మాయి, అయిపోయిందని.

"కాలేదు" అన్నాను. తెలుగులోనే అన్నాను, అదీ గట్టిగా.

ఆమె చేతిలోంచి పట్టీ తీసుకుని పెట్టుకుంటుంటే గీత పక్కనుంచి ఆపా చెయ్యి ఊపుతోంది. "అయ్యింది నా బెల్టు! బయటికి రావే! ఏ పిల్లా, నిన్నే!"

బాగానే వినిపించింది. నేను అటు తిరగకుండా, తర్వాతి పరుగుకు మావాళ్ళు నిలబడుతున్న చోటికి వెళ్ళి, బంతి కోసం చేతులు ముందుకు పెట్టాను.