ఎక్స్‌ట్రా మైలూ, మా వదిన మోకాళ్లూ

మా వదిన ఒక హోటల్లో, కింది అంతస్తులో దుప్పట్లు, దిండు గలీబులు ఇస్త్రీ చేస్తుంది. నిలబడి నిలబడి మోకాళ్లు వాచిపోయాయి. ఇక నిలబడే పని వద్దని డాక్టరు తేల్చేశాడు. అంతలో దేవుడి దయవల్ల ఆ హోటల్లోనే ఫోను దగ్గర కూర్చునే ఉద్యోగం ఖాళీ అయింది. గదుల్లో దిగినవాళ్లు ఏం కావాలన్నా ఆ ఫోనుకే చెబుతారు. అది రాకపోతే వదిన పని మానేయాల్సిందే. ఇంటర్వ్యూ మాత్రం ఇంగ్లిషులో.

నేను బళ్లో చిన్నపిల్లలకు ఇంగ్లిషు చెబుతాను కనుక వదిన నాకు దొరికిపోయింది.

“ఎంత కష్టపడతావని అడుగుతారు వదినా. చెప్పినదానికన్నా ఇంకాస్త ఎక్కువ చేస్తే ‘గో ది ఎక్స్‌ట్రా మైల్’ అంటారు. ఏదీ, ఒక వాక్యం చెప్పు.”

వదిన ఉల్లిపాయ తరుగుతూ ఆలోచించింది. “లిఫ్టు బాబాయ్ గోస్ ది ఎక్స్‌ట్రా మైల్. మా హోటల్లో లిఫ్టు నడపడమే ఆయన పని, అయినా సామాను గదిదాకా మోసిపెడతాడు పాపం.”

“ఉద్యోగం బాబాయికి కాదమ్మా, నీకు.”

ఒకరికి సాయం చేయాలని నానా తంటాలూ పడితే ‘బెండ్ ఓవర్ బ్యాక్‌వర్డ్స్’ అంటారన్నాను.

“అయితే మీ అన్నయ్యే. నా మోకాళ్లకి కాపడం పెడతానని నీళ్లు పొయ్యిమీద పెట్టి, మరిచిపోయి గిన్నె మాడ్చాడు. పక్కింటివాళ్ల గిన్నె తెచ్చి అదీ మాడ్చాడు.”

అన్నయ్య పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పేపరు మాత్రం నవ్వుకి ఊగిపోతోంది.

“నువ్వేమీ చెయ్యవా వదినా?”

“ఇస్త్రీ చేస్తాను. అందులో చెప్పుకోడానికేముంది?”

ఇంటర్వ్యూ రోజున తోడు వెళ్లి గుమ్మం బయట కూర్చున్నాను. తలుపు ఓరగా తెరిచి ఉంది. చెప్పినదానికన్నా ఎక్కువ పని చేసిన సందర్భం చెప్పమంది మేనేజరమ్మ. వదిన లిఫ్టు బాబాయితో మొదలుపెట్టింది. బట్టలుతికే ఆయన రద్దీ రోజుల్లో ఉన్న శక్తంతా ధారపోస్తాడని, ‘పుల్స్ అవుట్ ఆల్ ది స్టాప్స్’ అంది. గదులూడ్చే అక్క దగ్గు వినబడిన గదిలో అడక్కుండానే వేడినీళ్లు పెడుతుందని మెచ్చుకుంది. నీ గురించి చెప్పు తల్లీ అని బయట నేను తల పట్టుకున్నాను.

మేనేజరమ్మ నవ్వడం వినిపించింది. “ఇందాకటినుంచీ వచ్చినవాళ్లంతా నేను, నేను అన్నారు. ఇక్కడ కూర్చునేవాళ్లు పరిగెత్తక్కర్లేదు. ఏ పనికి ఎవరు కదులుతారో తెలిస్తే చాలు. మీకు హోటలంతా తెలుసు. రేపట్నించి ఈ కుర్చీ మీదే.”

అంతలో ఆ కుర్చీ ముందున్న ఫోను మోగింది. “మీరే తియ్యండి,” అందామె.

పై అంతస్తులో ఎవరికో ఇంకో దిండు కావాలట. వదిన ‘వన్ మినిట్ సర్’ అని ఫోను పెట్టేసి, కుంటుకుంటూ దిండుకి బయల్దేరింది. గుమ్మంలో నేను అడ్డం నిలబడ్డాను. వెనకనుంచి మేనేజరమ్మ వదిన భుజం పట్టుకుంది. నవ్వలేక చస్తూ ఇద్దరం కలిసి వదినని మళ్లీ కుర్చీలో కూలేశాం.

వదిన బుద్ధిగా లిఫ్టు దగ్గరికి ఫోను కలిపింది. “బాబాయ్, పైకో దిండు కావాలి.”

“నువ్వు కూర్చునే ఉన్నావా అమ్మా?” అన్నాడు బాబాయి. గదంతా వినబడింది.

“కూర్చోబెట్టారు బాబాయ్.”