హాజరమ్మ చదువు

సబ్బులూ షాంపూలూ నిల్వచేసే పెద్ద గోదాములో గేటు పక్క గది ఆమెది. వచ్చేవాళ్ల వేలిముద్రలు సరిగా పడుతున్నాయో లేదో చూడటం, సెలవులు ఎక్కించడం, కొత్తవాళ్లకు గుర్తింపు కార్డులివ్వడం ఆమె పని. అందరూ హాజరమ్మ అనేవాళ్లు. ఎవరో సరదాకి మొదలుపెట్టిన పేరు. ఒకసారి మేనేజరు కూడా నోరు జారి అలాగే పిలిచాడు.

నలభై దాటాక ఆమెకు చదువు మీదికి మనసు పోయింది. పై ఉద్యోగం ఖాళీ అయినప్పుడల్లా బయటినుంచి ఎవరో రావడం, వాళ్లకు పని నేర్పే భారం తన నెత్తిన పడటం చూసి చూసి విసుగెత్తింది. ఉద్యోగం మానకుండా ఆన్‌లైన్‌లో చదువుకునే హెచ్‌ఆర్ డిప్లొమా ఒకటుందని తెలిసి చేరిపోయింది.

"ఈ వయసులో చదివి ఎవర్ని ఉద్ధరిస్తావే?" అన్నారు అత్తగారు.

"ముందు నన్ను నేను ఉద్ధరించుకుంటా అత్తయ్యా. ఇంకా ఓపిక మిగిలితే మీ సంగతి చూస్తా."

భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, మాట తక్కువ మనిషి. క్లాసున్న సాయంత్రాలు తనే వంటింట్లోకి దూరేవాడు. "అన్నయ్య వంట తిని బతకడం కూడా మీ కోర్సులో పరీక్షేనా వదినా?" అని మరిది ఆటపట్టించేవాడు. మరిది వాళ్లతోనే ఉంటాడు. గోదాములో పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడుపుతాడు. ఆ ఉద్యోగం ఆమె నాలుగు మాటలు చెప్పి వేయించిందే.

ఇంట్లో సిగ్నలు సరిగా అందదు. అందుకని మెట్ల మలుపులో స్టూలు వేసుకుని, ఫోను గోడకానించి పాఠం వినేది. పై వాటా వాళ్లు ఆమె పక్కనుంచి ఒదిగి ఒదిగి దిగుతూ, "మీ టీచరుగారికి మా నమస్కారాలు చెప్పండి" అనేవాళ్లు.

ఒకరోజు క్లాసులో ఉత్తుత్తి విచారణ ఒకటి జరిపించారు. ఆలస్యంగా వచ్చిన ఉద్యోగి వేషం హాజరమ్మది. విచారించే అధికారి వేషం ఒక హాస్పిటల్లో హెడ్ నర్సుగా చేస్తున్న ఆవిడది. హాజరమ్మ తన కారణం ఎత్తుకుందో లేదో, నర్సమ్మ శిక్ష చెప్పేసింది. ఆటే అయినా హాజరమ్మకు ఉక్రోషం వచ్చింది. "ఆవిడ ఏం చెప్పబోయిందో ఎవరైనా విన్నారా?" అని టీచరు అందర్నీ నిలదీశారు.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఒక పూట గోదాము లోపల్నుంచి ఫెళ్లున చప్పుడు వినిపించింది. మరిది బండి వెళ్లి ఇనుప ర్యాకు కాలిని గుద్దింది. ర్యాకు ఒరిగి పెట్టెలన్నీ కిందపడ్డాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ షాంపూ వరదైంది. ఆ నురగ మధ్య మరిది నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. చూసినవాళ్లలో కొందరు నవ్వు ఆపుకోలేకపోయారు. మేనేజరు నవ్వలేదు. తిన్నగా ఆమె గదికి వచ్చాడు.

"మీ మరిదిని ఈ రోజే తీసేస్తున్నాం. కాగితాలు సిద్ధం చెయ్యండి."

"విచారణ లేకుండా తీసెయ్యకూడదు సార్. ముందు అతను చెప్పేది వినాలి."

"మీవాడు కాబట్టి అంటున్నారా?"

"మావాడు కాబట్టే ఆ విచారణలో నేను ఉండకూడదు. వేరే సెక్షన్ నుంచి ఎవరినైనా పెట్టండి."

మేనేజరు ఆమెను ఎగాదిగా చూసి, "చదువు బాగానే ఒంటబట్టింది" అని వెళ్లిపోయాడు. మెచ్చుకున్నాడో దెప్పిపొడిచాడో ఆమెకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం అత్తగారు ఒంటికాలి మీద లేచారు. "ఇంటి మనిషివి ఆఫీసులో ఉండి, నా కొడుకుని గాలికొదిలేస్తావా?"

"ఈ రోజే ఊడిపోయే ఉద్యోగాన్ని ఆపాను అత్తయ్యా. నేనే విచారణలో కూర్చుంటే ఇంటివాణ్ని వెనకేసుకొచ్చిందంటారు. అప్పుడు తను నిజం చెప్పినా ఎవరూ నమ్మరు."

"ఒక్క మాట సాయం అడిగితే ఇంత పాఠం చెప్పాలా వదినా?" అని మరిది కంచం ముందునుంచి లేచిపోయాడు. అంతే, ఆమెతో మాటలు బంద్. తమ్ముడికీ భార్యకీ మధ్య నలిగిన లిఫ్టు మెకానిక్కు ఏ పక్కా మాట్లాడకుండా చల్లగా తప్పుకున్నాడు.

అకౌంట్సు సెక్షన్లోని ఒక పెద్దావిడ విచారణ చేసింది. ర్యాకుల మలుపులో బండి తిప్పుతూ ఫోను చూశానని మరిది ఒప్పుకున్నాడు. మలుపు అవతల ఏముందో కనబడటానికి మూలన పెట్టిన అద్దం ఎప్పుడో పగిలిందనీ, డ్రైవర్లు మొత్తుకున్నా ఎవరూ మార్పించలేదనీ కూడా బయటపడింది. ఉద్యోగం నిలిచింది. కాకపోతే కొన్నాళ్లు బండి ఎక్కకుండా సరుకు దించమన్నారు. నిన్నటిదాకా ఎవరిని హారన్ కొట్టి పక్కకు తప్పించాడో వాళ్ల పక్కనే పెట్టెలు మోయడం అతనికి తల కొట్టేసినట్టయింది. ఇంట్లో ఉప్పు అందుకోవాలన్నా వదినను అడగకుండా అన్నను అడిగేవాడు.

హాజరమ్మ కోర్సు పూర్తిచేసింది. పై ఉద్యోగం మళ్లీ ఖాళీ అయితే అర్జీ పెట్టుకుంది. ఈసారీ బయటి మనిషే వచ్చాడు. "మీ అనుభవమంటే మాకెంతో గౌరవం" అన్నాడు మేనేజరు. ఆ గౌరవాన్ని ఏం చేసుకోవాలో ఆమెకు తోచలేదు.

ఆ మాట క్లాసులో స్నేహమైన నర్సమ్మతో ఫోన్లో చెప్పుకుంటే, "మా హాస్పిటల్లో అసిస్టెంట్ హెచ్‌ఆర్ కోసం చూస్తున్నారు, వచ్చెయ్. నిన్ను విచారించినదాన్ని, నీ సంగతి నాకు తెలీదా?" అంది.

ఇంటర్వ్యూలో ఎదుట ముగ్గురు కూర్చున్నారు. పైవాళ్లు చెప్పిన పని చేయనన్న సందర్భం ఏదైనా ఉందా అని అడిగారు. షాంపూ వరద సంగతి ఉన్నదున్నట్టు చెప్పింది.

"మరి ఇంట్లో ఏమన్నారు?"

"ఇంకా అంటూనే ఉన్నారండీ."

ముగ్గురూ నవ్వారు. ఉద్యోగం వచ్చింది.

కొత్త ఉద్యోగంలో చేరే రోజున ఆమె బస్సుకని బయల్దేరుతుంటే మరిది మోటారు సైకిలు తీశాడు. అప్పటికి అతనికి ఫోర్క్‌లిఫ్ట్ తిరిగి ఇచ్చారు గానీ, ఇంట్లో మాటలింకా పొదుపుగానే వాడుతున్నాడు. "ఎక్కు వదినా" అన్నాడు. హాస్పిటల్ గేటు దగ్గర ఆమె దిగాక, "ఇక్కడ చుట్టాలనెవర్నీ పనిలో పెట్టించకు" అన్నాడు.

"నువ్వు అర్జీ పెట్టినా తీసుకోను, పో."

హెల్మెట్ లోపల నవ్వాడో లేదో తెలియలేదు. బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని లోపలికి నడిచింది. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి తలెత్తి, "ఓపీ చీటీ కావాలా ఆంటీ?" అని అడిగింది.

"వద్దమ్మా. ఉద్యోగంలో చేరడానికొచ్చాను. హెచ్‌ఆర్ గది ఎటు?"