గిన్నె వట్టిగా వచ్చిన రోజు

దయాల్‌బంద్‌లో కూతురింట మా అత్త మొన్న తెల్లవారుజామున కన్నుమూసింది. చుట్టరికం లేదు, హిందీ మాట్లాడే ఈ ఊళ్లో మా తెలుగువాళ్లుండే రైల్వే కాలనీలో చాలాకాలం మా పక్క క్వార్టర్‌లో ఉన్న ఆవిడ. కాలనీ అంతటికీ అత్తే. కబురు వచ్చేసరికి నా ఒళ్లో గ్రంథం తెరిచి ఉంది. ఏ శ్లోకం దగ్గర ఆగానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు. బయట పొగమంచులో బొగ్గు బళ్లు సాగిపోతున్నాయి. ఆ చప్పుడు వెనకాలే ఆవిడ చెప్పుల చప్పుడు కూడా దగ్గరవుతున్నట్టు అనిపించింది.

అయ్యలారా, అమ్మలారా, నేను బడిలో పెద్దగా చదివినవాణ్ణి కాను. కూడబలుక్కుని గ్రంథాలు నేర్చుకుని, కాలనీ రామమందిరం అరుగు మీద గొంతు చించుకునేవాణ్ణి. అత్త చివర కూర్చునేది. వింటోందో, కునుకుతోందో తెలిసేది కాదు. చూపు మాత్రం వీధిలో ఉండేది. ఏ మేక ఎవరింటి ముందు తల దించుకుని పోతోందో, ఏ పిల్లి ఏ గుమ్మం దాటదో గమనించేది. "వాటికి నోరు నేదు గానీ అబద్ధం ఆడవు బాబూ" అనేది.

ఒక సాయంత్రం, కుక్కను వదిలి స్వర్గంలోకి రానన్న రాజు కథ చెబుతున్నాను. ఆవేశంలో చెయ్యి పైకెత్తాను. మెట్టు కింద పడుకున్న గోధుమరంగు కుక్క ఒక్కసారిగా నేలకు కరుచుకుని, పాక్కుంటూ పారిపోయింది. అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

"అది నీ సెయ్యికి బెదరలేదు బాబూ. ఎత్తిన సెయ్యి ఇంకెక్కడో సూసింది. ఎవలింటిది?"

చివరి క్వార్టర్‌ది. అక్కడ కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి, రైలు డ్యూటీ చేసే ఆమె భర్త ఉండేవారు. అతను బెల్టుతో కుక్కను కొడతాడని ఎవరో చెప్పి, పోనీలే కుక్కే కదా అన్నారు.

"కుక్కని తన్నిన కాలు మళ్లీ ఇంట్లోకే కదా ఎల్తాది" అంది అత్త.

మర్నాడు ఆ ఇంటికి గిన్నెడు దప్పళం పంపింది. మా వాళ్లలో పక్కింటి గిన్నెను వట్టిగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేస్తారు. ఈ గిన్నె తళతళా తోమి, వట్టిగా వచ్చింది. హిందీలో పెరిగిన పిల్లలు, పద్ధతులేం తెలుస్తాయని ఆడవాళ్లు తీసిపారేశారు. అత్త గిన్నెలోకే చాలాసేపు చూసింది. ఆ పిల్ల తల్లిది తన ఊరి పక్క ఊరేనట. పద్ధతి తెలియక కాదు, నోటితో చెప్పలేని కష్టాన్ని గిన్నెతో చెప్పిందని ఆవిడకు అర్థమైంది.

మళ్లీ దప్పళం కాచి, పొగలు కక్కుతుండగా గిన్నె నింపింది. నన్నూ, భజనకొచ్చిన మగవాళ్లనూ వెంట రమ్మంది. నేను దారిలోనే గొంతు సవరించుకుంటుంటే ఆపింది.

"అరవకు. ఆ పిల్లగుంట సెవుల్లో అరుపులు సానా ఉన్నాయి."

అతను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "యే ఘర్ కా మామ్లా హై అత్తా. మా ఇంటి గొడవ ఇది, మీరెళ్లండి."

"ఎల్తాను గానీ, కాల్తంది. పట్టుకో నాయినా."

పెద్దావిడ ఇస్తోంది కదా, అలవాటుగా రెండు చేతులూ చాచి పట్టుకున్నాడు. అత్త లోపలికి చూసి, "పిల్లా, సెప్పులేసుకో" అంది. నిండు గిన్నె ఒలక్కుండా అతను నిలబడ్డ ఆ కాసేపట్లో, ఆ అమ్మాయి గోడవార నుంచి కలలో నడిచినట్టు నడిచి, అతని పక్కగా బయటికి వచ్చింది. మోచేయి కమిలి ఉంది. వెనకే కుక్క. అతను గిన్నె విసిరికొట్టేసరికి మెట్ల మీద మేమంతా అడ్డంగా ఉన్నాం.

ప్రాణి మీద రాటుదేలిన చేతికి మనిషి మీద లేవడం కొత్తేముంటుంది? ఎన్ని గ్రంథాలు తిప్పినా నేను చెప్పలేనిది, ఆవిడ ఒక్క కుక్క నడక చూసి చెప్పేసింది. ఆ అమ్మాయి కొన్నాళ్లు అత్త దగ్గరే ఉండి, కుక్కను తీసుకుని కోటా ఊళ్లో తన అన్న దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు అక్కడ బట్టలు కుడుతోంది. సొట్టపడ్డ గిన్నెను అత్త బాగుచేయించలేదు. దాంట్లోనే వీధి కుక్కలకు నీళ్లు పెట్టేది.

నిన్న కూతురింటి వాకిట్లో అందరం చేరాం. ఆ అమ్మాయి కోటా నుంచి వచ్చింది, కుక్కతో సహా. సొట్ట గిన్నె నిండా నీళ్లు పోసి దాని ముందు పెట్టింది. నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. చెబుతూ చెబుతూ, పాత అలవాటు, చెయ్యి పైకి లేచిపోయింది.

కుక్క ఒక కన్ను తెరిచింది. నా చేతిని కాసేపు చూసి, గడ్డాన్ని మళ్లీ ఆ అమ్మాయి పాదం మీద ఆనించి పడుకుంది.