చాందీకి కుట్టిన కోటు

పటాన్‌చెరు బస్టాండు దాటి సంగారెడ్డి వైపు కాస్త నడిస్తే, బొంబాయి రోడ్డు మీదికే ఉండేది తాజున్నీసా ఇల్లు. ముందు వాకిలి, వాకిట్లో జామచెట్టు, నడుమెత్తు గోడ, ఇనుప గేటు. ఆ ఇంటి వెనకవైపు రెండు గదుల్లో మేం కిరాయికి దిగాం. అది పందొమ్మిది వందల అరవై ఏడు. మావారు చలపతిరావుకి రామచంద్రాపురం ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి తణుకు నుంచి తరలివచ్చాం. నాకప్పటికి ఇరవై రెండేళ్లు. ఇక్కడి మాట సగం అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు.

తాజున్నీసాకి అప్పుడు నలభై ఉంటాయేమో. సన్నగా, పొడుగ్గా ఉండేది. భర్త ఫజలుద్దీన్ బస్సు డిపోలో మెకానిక్కు. కూతురు పెళ్లయి జహీరాబాదులో ఉంది. ఈవిడ పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా కుట్టుమిషను ముందే కూర్చునేది. ఫ్యాక్టరీ వాళ్ల ఖాకీ చొక్కాలు, వీధిలో ఆడవాళ్ల జాకెట్లు, అన్నీ ఆమె కుట్టినవే. పెద్దా చిన్నా అందరూ ఆమెను 'ఆపా' అనేవారు. వాళ్లలో అక్కను అలా పిలుస్తారట. నేనూ అలాగే పిలిచాను.

ఆ ఇంట్లో ఒక తెల్లపిల్లి ఉండేది. దాని పేరు చాందీ. నీలం కళ్లు. ఎప్పుడు చూసినా కిటికీ ఊచల మధ్య మూతి పెట్టి జామచెట్టు మీది పిట్టల్ని చూస్తూ ఉండేది. దాని పొట్ట మీద మాత్రం వెంట్రుకే లేదు. తనే నాకి నాకి, పీకి పీకి, చర్మం ఎర్రగా చేసుకుంది.

"ఒక్కసారి వాకిట్లోకి వదలకూడదా ఆపా? అలా ఏడుస్తోందే," అన్నాను ఒకరోజు.

మిషను ఆపి నావైపు చూసింది. "దీనికంటె ముందు భూరీ అని ఉండె. గోధుమరంగుది. గేటు సందులకెళ్లి రోడ్డెక్కింది. వడ్ల లారీ కింద పడ్డది. నేనే ఎత్తుకొచ్చిన. ఇగ దీనికైతే చెవులే వినబడవు. లారీ హారన్ కొట్టినా తెల్వది. ఎట్ల ఇడుస్త?"

చెవుడని ఆమెకు ఎలా తెలిసిందో కూడా చెప్పింది. చాందీ కూనగా ఉన్నప్పుడు పక్కనే ఇత్తడి బిందె దొర్లి పడితే ఇంట్లో అందరూ ఉలిక్కిపడ్డారట. అది మాత్రం కదలకుండా నిద్రపోయిందట. అప్పటినుంచి దానికి అన్నం పెట్టే ముందు షాబాదు బండల మీద అరచేత్తో దబదబా కొట్టేది ఆపా. ఆ అదురు కాళ్లకు తెలిసి ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది చాందీ.

పొట్ట మీద పుండు పడేసరికి ఇక లాభం లేదని, గంపలో కూర్చోబెట్టి పైన గుడ్డ కట్టి, సంగారెడ్డిలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. తోడుగా నన్ను రమ్మంది. ఆవులూ గేదెలూ నిలబడ్డ వరసలో మేం గంప పట్టుకుని నిలబడితే అందరూ నవ్వారు. డాక్టరు మాత్రం నవ్వలేదు. తిప్పి తిప్పి చూశాడు.

"చర్మరోగం కాదమ్మా. దీనికి పొద్దు పోవడం లేదు. చేసే పని లేక తన ఒళ్లు తనే నాకేసుకుంటోంది. రోజూ కాసేపు బయట తిప్పండి."

"బయటికి ఇడిస్తే బతకది సార్. దీనికి వినబడదు."

"విడిచిపెట్టమని నేనెక్కడన్నాను? మీరు పట్టుకుని తిప్పండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మెడకు మాత్రం తాడు కట్టకూడదు. గోడ దూకిందంటే ఉరి పడుతుంది."

పూతమందు తీసుకుని బస్సెక్కాం. ఆపా గంప ఒళ్లో పెట్టుకుని ఏదో లెక్క వేసుకుంటున్నట్టు వేళ్లు కదుపుతూ కూర్చుంది. ఇస్నాపూర్ దాటాక అంది: "నాగేశ్వరీ, చొక్కా జారకుంట మనిషికి కుడ్తం గద. పిల్లికి కుడితె ఏమైతది?"

ఆ సాయంత్రమే టేపు పట్టుకుని చాందీ కొలతలు తీసింది. మెడ, ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టు, వీపు పొడవు. ఖాకీ గుడ్డ రెండు పొరలు వేసి, కాళ్లకు ఒరుసుకోకుండా లోపల మెత్తటి మల్లుగుడ్డ అతికి, పొట్ట కింద టిచ్ బటన్లు కుట్టింది. తాడు మెడ దగ్గర కాకుండా వీపు మధ్యన కట్టేలా ఒక ఇత్తడి రింగు పెట్టింది.

తొడిగిన మొదటిరోజు చాందీ పక్కకు ఒరిగి చచ్చినట్టు పడుకుంది. నేను కంగారుపడ్డాను. ఆపా పడలేదు. చిటికెడు ఖీమా ముందు పెట్టి, అది తినగానే కోటు విప్పేసింది. "ఇయ్యాల్టికి గింతే చాలు." మర్నాడు రెండు నిమిషాలు. ఆ తర్వాత రోజు ఐదు. అది కోటు మరచిపోయి ఇంట్లో ఎలకను తరిమేదాకా గడప దాటించలేదు. పదిహేను రోజులు పట్టింది. అంత ఓర్పు నేను చంటిపిల్లల తల్లుల్లో కూడా చూడలేదు.

వాకిట్లోకి తీసుకెళ్లే ముందు ఇంకో పని చేసింది. గోడ వారన ఎర్ర గన్నేరు విరగబూసి ఉండేది. దాని ఆకు కొరికితే పిల్లికి ప్రమాదమని వేళ్లతో సహా తవ్వించేసింది. ఎలకల మందు కలిపిన పిండి ముద్దలు ఎక్కడైనా పడి ఉన్నాయేమోనని పక్కింటి గోడ దాకా వెతికింది. అప్పుడు, ఎండ ఎక్కకముందు, ఇంకా తిండి పెట్టకముందు, తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని తలుపు తీసింది. ఆకలితో ఉంటే మళ్లీ లోపలికి రావడానికి పేచీ పెట్టదని ఆమె లెక్క.

చాందీ గడప మీద నిలబడి చాలాసేపు గాలి వాసన చూసింది. తర్వాత ఒక్కొక్క కాలే ఎత్తి మట్టి మీద పెట్టింది. ఆపా దాన్ని లాగలేదు. అది ఎటు పోతే అటు తనూ పోయింది.

రోడ్డవతల చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్లకు ఇది పెద్ద తమాషా అయిపోయింది. "ఆపా, పిల్లికి కోటు కుట్టినవ్, మాకెప్పుడు కుడ్తవ్?" అని కేకేశాడొకడు.

"గోడ దుంకి ఉరికే అలవాటు నీకు గూడ ఉంటె చెప్పు, రేపే కుడ్త," అంది ఆపా తలెత్తకుండా. హోటలంతా ఘొల్లుమంది.

నెల తిరక్కుండానే పొట్ట మీద సన్నటి తెల్లనూగు మొలిచింది. అంతా బాగుందనుకుంటుండగా, నా వల్లే ముప్పు వచ్చిపడింది.

ఆరోజు పొద్దున నేను పాలు తీసుకుని వచ్చి, చేతుల్లో రెండు చెంబులుండటంతో గేటు గొళ్లెం వేయలేదు. చాందీ జామచెట్టు మొదట్లో గోళ్లు గీరుకుంటోంది. వీధికుక్క ఒకటి గేటు నెట్టుకుని లోపలికి దూరింది. కుక్క మీదికి వచ్చేదాకా చాందీకి తెలియలేదు. తెలియగానే వెనక్కి గుంజుకుంది. పటపటా టిచ్ బటన్లు ఊడిపోయాయి. ఆపా చేతిలో ఖాళీ కోటు మిగిలింది. పిల్లి గోడెక్కి, అటు దూకి, రోడ్డు దాటేసింది.

నేను కేకలు పెడుతూ పరుగెత్తబోయాను. ఆపా నా చెయ్యి పట్టి ఆపింది. "ఉరుకకు! మనం ఉరికితే అది ఇంకా ఉరుకుతది. నువ్వు కుక్కను ఎల్లగొట్టి గేటు ముయ్యి."

చాందీ చాయ్ హోటల్ ముందు ఆగి ఉన్న లారీ కింద దూరింది. వెనక చక్రాల మధ్య ముడుచుకుంది. షోలాపూర్ డ్రైవరు అప్పుడే చాయ్ ముగించి బండెక్కాడు. ఆపా రోడ్డు దాటి నేరుగా లారీ ముందుకెళ్లి నిలబడింది.

"భయ్యా, గాడీ చాలూ చెయ్యకు. కింద నా పిల్లి ఉన్నది."

అతనికి తెలుగు రాదు. ఆమె హిందీలో మళ్లీ చెప్పింది. అతను నవ్వి, పిల్లే కదా, ఇంజను చప్పుడుకి అదే పారిపోతుందన్నాడు. దానికి చెవుడని చెప్పినా వినకుండా తాళం మీద చెయ్యేశాడు. అప్పుడు ఆపా ముందు చక్రానికి వీపు ఆనించి నేల మీద కూర్చుంది. నలుగురు మగాళ్లు చూస్తుంటే, నిత్యం తల మీద కొంగు జారనివ్వని మనిషి, ఆ దుమ్ములో, డీజిలు మరకల్లో కూర్చుంది. డ్రైవరు ఏమనుకున్నాడో, కిందికి దిగి మళ్లీ బల్ల మీద కూర్చున్నాడు.

ఆపా బోర్లా పడుకుని లారీ కిందికి చెయ్యి చాచింది. అరచేత్తో నేల మీద కొట్టడం మొదలెట్టింది. దబదబా కొట్టి ఆగడం, మళ్లీ కొట్టడం. రోజూ తిండికి పిలిచినట్టే. చాందీ కదల్లేదు. నేను ఇంటి నుంచి ఖీమా గిన్నె తెచ్చి ఆమె పక్కన పెట్టాను. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఎండ పడుతోంది. రోజూ హోటల్లో కూర్చుని వెక్కిరించేవాళ్లే ఇద్దరు రోడ్డు పక్కన నిలబడి, వచ్చే బళ్లను నిమ్మళంగా పొమ్మని చేతులూపుతున్నారు.

చివరికి పిల్లి నేలకు కరుచుకుని ఒక్కొక్క జానెడే జరిగి వచ్చింది. చేతికందాక కూడా ఆపా తొందరపడలేదు. అది గిన్నెలో మూతి పెట్టి తినేదాకా ఆగి, అప్పుడు కొంగులో చుట్టి గుండెకు అదుముకుంది.

డ్రైవరు ఆ ఊడిపోయిన కోటు తీసుకుని చూశాడు. బటన్లు పనికిరావన్నట్టు తల ఊపాడు. తన బండి టార్పాలిన్ పట్టీకి ఉన్న రెండు చిన్న బకిల్సు ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చాక ఆపా కాళ్ల మీద పడ్డంత పనిచేశాను. "గేటు నేనే వేయలేదు ఆపా. నావల్లే..."

"లే నాగేశ్వరీ, గట్ల ఏడ్వకు. గేటు ఎవరైనా మరుస్తరు. నేను గూడ ఒకనాడు మరుస్త. మనిషి మరిచినా పిల్లికి ఏం కావద్దు. గట్ల చెయ్యాలె ఇప్పుడు."

ఆ మాట మీదే వడ్రంగి ఐలన్నను పిలిపించింది. వంటింటి కిటికీని ఆనుకుని వాకిట్లో గది అంత చోటుకు గుంజలు పాతి, చుట్టూ కోళ్లగూళ్లకు కొట్టే ఇనుప జాలీ కొట్టమంది. పైన కూడా జాలీ వెయ్యమనేసరికి ఐలన్న విస్తుపోయాడు.

"పైన ఎందుకు ఆపా? జాలీతోని వాన ఆగుతదా ఏంది?"

"వానకు కాదన్నా. పిల్లికి పైన గూడ తొవ్వనే."

అడుగున తవ్వి దూరకుండా బండలు పరిపించింది. మనుషులు వెళ్లడానికి ఒకటి కాదు, రెండు తలుపులు పెట్టించింది. ఒకటి మూశాకే రెండోది తియ్యాలి. లోపల ఎత్తులో ఒక చెక్క, నీడకు గోనెసంచి, నీళ్ల ముంత, ఒక మూల ఇసుక, ఇంకో మూల గరిక. వంటింటి కిటికీ తెరిస్తే చాందీ తనంతట తనే వచ్చి చెక్కెక్కి కూర్చునేది. వీధికుక్కలు అవతల నిలబడి చూసి పోయేవి. బకిల్సు కుట్టిన కొత్త కోటుతో పొద్దున వాకిట్లో తిరగడం కూడా మానలేదు.

విచిత్రమేమంటే, బాగుపడింది పిల్లి ఒక్కటే కాదు. పదేళ్లుగా మిషను ముందు నుంచి లేవని మనిషి రోజూ గంటసేపు ఆరుబయట కూర్చోవడం మొదలుపెట్టింది. "నేను దీన్ని తిప్పుత అనుకుంటరు. నన్నే ఇది తిప్పుతది," అనేది నడుం వాల్చుకుంటూ.

పేరు పాకింది. ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉండే పద్మావతి తన పిల్లికి కోటు కావాలని వచ్చింది. ముత్తంగి నుంచి ఒకాయన వచ్చాడు. ఆపా కోటు కుట్టి ఊరికే చేతిలో పెట్టేది కాదు. ఎన్నిరోజులు ఇంట్లో తొడగాలో, ఏ వేళ తిప్పాలో, ఎప్పుడు ఆపాలో కూర్చోబెట్టి చెప్పేది.

కామరాజు అని ఒక గోడౌను యజమాని వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఎలకల కోసం పిల్లిని గోడౌను ముందు కట్టేయాలట.

"కట్టేసి మీరు పక్కన కూసుంటరా?" అని అడిగింది ఆపా.

"నేనెందుకు కూర్చుంటాను? నాకు వేరే పని లేదా?"

"అయితె నేను కుట్ట. తాడున్న పిల్లి కుక్కొస్తే ఎక్కడికి ఉరుకుతది? తాడు పట్టుకున్న మనిషి ఉంటెనే కోటు."

ఆయన కోపంగా వెళ్లిపోయాడు. నాలుగు రోజులకు మళ్లీ వచ్చి, పిల్లిని రాత్రిళ్లు తలుపులు మూసిన గోడౌను లోపలే ఉంచుతానని, పొద్దున తనే తిప్పుతానని చెప్పాడు. అప్పుడు కొలతలు తీసుకుంది.

డెబ్బై ఐదు వచ్చేసరికి చుట్టూ మందుల ఫ్యాక్టరీల షెడ్లు లేచాయి. రోడ్డు మీద లారీల వరస తెగేది కాదు. గాలిలో ఏదో మందుల వాసన. అలాంటి రోజుల్లో చాందీని జాలీ గదిలోకి కూడా వదలకుండా కిటికీ మూసేసేది ఆపా. గాలి మళ్లాకే తెరిచేది.

మేం క్వార్టర్లలోకి మారాక కూడా నెలకోసారి వెళ్లొచ్చేదాన్ని. డెబ్బై తొమ్మిదిలో వెళ్లినప్పుడు చాందీకి పదమూడేళ్లు. వెనక కాళ్లు పట్టు తప్పాయి, చూపు మందగించింది. ఆపా దాన్ని ఎత్తుకుని జాలీ గదిలోకి తీసుకెళ్లి, ఎండ ఎటు మళ్లితే అటు చాప జరుపుతూ కూర్చుంది. ఆ చలికాలంలోనే ఒక మధ్యాహ్నం, ఆ చాప మీదే, ఆమె ఒళ్లో తల పెట్టుకుని అది కన్నుమూసింది.

కబురు తెలిసి వెళితే ఆపా ఏడ్చి ఏడ్చి ఉంది. ఫజలుద్దీన్ గారు నాకు కుర్చీ వేసి, తను నిలబడే అన్నారు: "ఈ రోడ్డు పక్కన పిల్లి ముసలిదై సచ్చిపోవుడు అమ్మా, నా నౌకరీల నేనెన్నడూ సూడలే. అది మా తాజు చేసింది."

ఆపా కళ్లు తుడుచుకుని, చాయ్ పెట్టడానికి లేచింది.