రేసు ట్రాక్ మీద మూడు రౌండ్లు

ఒక మనిషి తన కారునీ, పరువునీ, స్నేహితుణ్ణీ ఒకే పూటలో, అదీ మధ్యాహ్నం భోజనానికి ముందే, ఎలా పోగొట్టుకోవచ్చో చెబుతాను. ఆ మహానుభావుణ్ణి నేనే. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

సెల్‌ఫోన్లకి కెమెరాలు కొత్తగా మొలుస్తున్న రోజులవి. గుడివాడలో నాది చేపల మేత వ్యాపారం. చెరువులు బాగా కలిసొచ్చిన ఏడాది హైదరాబాదు వెళ్ళి, సెకండ్‌హ్యాండులో ఎర్రటి స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాను. రెండే సీట్లు. వాననీటికి రోడ్డెక్కిన కొర్రమీనులా నేలకి అతుక్కుని ఉండేది. స్పీడు బ్రేకరు వస్తే దిగి, చెక్కపలకలు పరిచి, కారు దాటించి, ఆ పలకల్ని మళ్ళీ పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళేవాణ్ణి.

మా వీధి చివర రైసుమిల్లు వారి అల్లుడు ప్రసాదుబాబు రోజూ పలకరించేవాడు. "ఏం బావగారూ, ఇవాళ బొమ్మకి కీ ఇచ్చారా?"

ఆ బొమ్మ తిరుగుతోందంటే మస్తాను చలవే. బందరు పాలిటెక్నిక్‌లో ఇద్దరిదీ ఒకే బెంచీ. వాడు పాసయ్యాడు, నేను తప్పాను. అందుకని వాడు మెకానిక్కూ, నేను ఓనరూ అయ్యాం. ఇంజను చప్పుడు వింటే చాలు, వాడు రోగం చెప్పేసేవాడు.

ఇంతలో మద్రాసు దగ్గర రేసు ట్రాక్ ఉందనీ, ఫీజు కడితే ఒక రోజంతా ఎవరి కారు వాళ్ళే తోలుకోవచ్చనీ తెలిసింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, స్పీడు బ్రేకరు దాటలేని కారు రేసు ట్రాకెక్కడానికి బయల్దేరింది.

"ఈ నెల వద్దు బావా," అన్నాడు మస్తాను. "బ్రేక్ ఆయిల్ పాతబడింది. సరైన ఆయిల్ హైదరాబాదు నుంచి రావాలి. వచ్చే నెల వెళ్దాం."

"మొన్న బర్రె అడ్డమొస్తే ఠక్కున ఆగింది కదరా!"

"బర్రె పూటకోసారి వచ్చుద్ది. అక్కడ నిమిషానికి నాలుగు మలుపులు. తొక్కినప్పుడల్లా బ్రేకు కాగుద్ది. పాత ఆయిల్ మరిగిందంటే పెడల్ తుస్సే."

కానీ నేను ఫీజు కట్టిన రోజే ప్రసాదుబాబు మిల్లు పనిమీద మద్రాసు వస్తున్నాడు. "చూడ్డానికొస్తాను బావగారూ," అని కూడా అన్నాడు. ఇక వాయిదా వేస్తే నా బతుకేం కాను?

"అయితే మెల్లగా తోలతానని మాటియ్యి," అన్నాడు మస్తాను. "ఒక్క రౌండు నన్నూ కూచోబెట్టుకో."

రెండు మాటలూ ఇచ్చేశాను. మాటలివ్వడంలో నాకు స్పీడు బ్రేకర్లు లేవు.

ట్రాక్ దగ్గర కార్లు తనిఖీ చేసే పెద్దాయన్ని అందరూ నాయుడుగారంటున్నారు. ఎవరిదో కారు బానెట్ ఎత్తి ఆయన తల గోక్కుంటుంటే, పదడుగుల అవతల నుంచి మస్తాను, "రెండో సిలిండర్ మిస్ కొడుతోందండీ," అన్నాడు. చూస్తే నిజమే.

"ఎవరయ్యా నువ్వు? మద్రాసులో నాకు గ్యారేజీ ఉంది. ఇట్లాంటి చెవి కోసమే వెతుకుతున్నా. సాయంత్రం నన్ను కలువు."

మస్తాను నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

నా చేతికి ఒక ఫారం ఇచ్చారు. "బ్రేక్ ఆయిల్ కొత్తగా మార్చారా?" అని ఒక ప్రశ్న. అవునని టిక్కు పెట్టాను. పాలిటెక్నిక్‌లోనూ నేను టిక్కులిలాగే పెట్టేవాణ్ణి.

మస్తాను హెల్మెట్ తగిలించుకుని కారెక్కబోతుండగా ప్రసాదుబాబు ఊడిపడ్డాడు. "ఏం బావగారూ, నన్నో రౌండు తిప్పరా?"

మస్తాను తలమీది హెల్మెట్ తీయించి ఆయనకి పెట్టాను. "నీది తర్వాత రా."

మొదటి రౌండు మెల్లగానే తోలాను. ప్రసాదుబాబు ఆవలించాడు. "మా మామగారి ట్రాక్టరు ఇంతకన్నా పోతుందండీ."

రెండో రౌండు తొక్కేశాను. "ఏదో మాడు వాసన?" అన్నాడాయన. "టైర్లండీ, రేసంటే అంతే," అన్నాను, పుట్టుకతోనే రేసరైనట్టు.

మూడో రౌండులో చూస్తే, కంచె పక్కన మస్తాను తువ్వాలు ఊపుతూ గెంతుతున్నాడు, ఏదో అరుస్తున్నాడు.

"మీవాడికెంత హుషారో చూడండి!" అన్నాడు ప్రసాదుబాబు.

నేనూ పొంగిపోయి, వాడికి చెయ్యూపి, ఇంకాస్త తొక్కాను. తర్వాతి మలుపులో బ్రేకు మీద కాలేస్తే తవుడు బస్తా మీద వేసినట్టుంది. పెడల్ నేలనంటింది. కారు వెళ్ళి పాత టైర్ల గోడలో ముక్కు దూర్చి ఆగింది. ఇద్దరికీ దెబ్బల్లేవు. గోడకి గుద్దినందుకు కాదు, ప్రసాదుబాబు పక్కనున్నందుకు ఏడుపొచ్చింది.

నాయుడుగారు ఫారం పట్టుకుని వచ్చారు. జనం మూగారు.

"ఆయిల్ మరిగిపోయింది. కొత్తది వేశామని రాశారే! ఎవరు వేశారు?"

ప్రసాదుబాబు నా మొహంలోకి చూస్తున్నాడు. నా వేలు దానంతటదే లేచింది.

"మా మెకానిక్. మస్తాను."

మస్తాను నాకేసి చూశాడు. తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు.

"అవునండీ. నేనే."

"చెవి ఉంటే సరిపోదయ్యా, బుద్ధుండాలి. మనుషులు చచ్చేవాళ్ళు," అన్నారు నాయుడుగారు. "సాయంత్రం నువ్వు రానక్కర్లేదు."

పొద్దుట్నుంచీ బ్రేకుల్లేకుండా వాగిన నా నోరు అప్పుడు మాత్రం ఠక్కున ఆగింది.

కారుని లారీకెక్కించి తాళ్ళు కట్టింది కూడా మస్తానే. నాతో రాలేదు, రైలెక్కి వెళ్ళిపోయాడు. వారం తర్వాత బందరులో వాడి షెడ్డుకి వెళ్ళాను. కుర్చీ తుడిచి వేశాడు. టీ తెప్పించాడు.

"తప్పు నాదేరా."

"అది నాకు చెప్పడమెందుకండీ? నాకు తెలుసు కదా," అన్నాడు, స్పానరు వెతుక్కుంటూ.

ఒకే బెంచీ వాడు నన్ను 'అండీ' అన్నాడు. నాలుగు నెలలు మథనపడి, ఎట్టకేలకు నాయుడుగారికి ఫోన్ చేసి అంతా ఒప్పుకున్నాను. ఆయన ఓపిగ్గా చివరిదాకా విన్నారు.

"సరే గాని," అన్నారు, "మస్తానంటే ఎవరయ్యా?"

కాబట్టి పాఠకుల సాక్షిగా, అగ్నిసాక్షిగా, మరిగిన బ్రేక్ ఆయిల్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ట్రాకెక్కను. "ఎవరు చేశారు?" అని ఎవరడిగినా ముందు నా చెయ్యే ఎత్తుతాను. మొన్న ఇంట్లో పాలు పొంగి స్టవ్వంతా పాడైతే, "ఎవరిదీ నిర్వాకం?" అని మా ఆవిడ అరిచింది. వెంటనే చెయ్యెత్తాను.

"మీరిప్పుడేగా వీధిలోంచి వచ్చారు!" అని పడీపడీ నవ్వింది.

నేను చెయ్యి దించలేదు.