వేలికి చుట్టుకున్న దారం

పాప నెలలు నిండకముందే పుట్టింది. నిజామాబాద్‌లో పదకొండు రోజులు ఆసుపత్రి అద్దాల పెట్టెలో ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ, "ఊపిరెట్ల తీస్తున్నదో జర చూస్తుండు" అంది. ఎన్ని రోజులు చూడాలో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఏడో నెల వచ్చినా చూస్తూనే ఉన్నాను.

డిగ్రీలో జీవశాస్త్రం చదివాను. ఊపిరితిత్తుల బొమ్మ గీసి ఏ భాగం ఏదో గుర్తించగలను. ఆ చదువు రాత్రిపూట భయాన్ని పెంచడానికే పనికొచ్చింది. కళ్లు మూతపడబోతే చాలు, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూడాలనిపించేది.

మా అత్తమ్మ బీడీలు చేస్తుంది. పగలు పాపను చీరతో కట్టిన తొట్టెలలో, అదే ఊయలలో వేసి, తొట్టెలకు కట్టిన తాడు కొసను కాలి బొటనవేలికి తగిలించుకుంటుంది. చేతులు ఆకులో తంబాకు పెట్టి చుడుతుంటే కాలు తొట్టెల ఊపుతుంటుంది. బోధన్‌లో మా వాడ పిల్లలు చాలామంది అట్లానే పెరిగారు, మా ఆయనతో సహా. అది చూశాకే నాకు ఉపాయం తట్టింది. బీడీలు కట్టే దారాన్ని నాలుగు పేటలు చేసి, ఒక కొస తొట్టెల కింది అంచుకు కట్టి, రెండో కొస నా చూపుడు వేలికి చుట్టుకున్నాను. పాప కదిలితే దారం లాగుతుంది, నాకు మెలకువ వస్తుంది. ఇక నిశ్చింతగా పడుకోవచ్చు అనుకున్నాను.

"గిదేందే, గాలిపటం ఎగరేస్తున్నవా?" అన్నాడు మా ఆయన.

దారం లాగుతూనే ఉండేది. లేచి, ఫోన్ లైటు వేసి, ముక్కు దగ్గర వేలు పెట్టేదాన్ని. నమ్మకం కుదరక బుగ్గ తట్టేదాన్ని. పాప లేచి ఏడ్చేది. పాలిచ్చి, ఊపి, పడుకోబెట్టి నడుం వాలిస్తే మళ్లీ దారం. రాత్రికి ఐదారుసార్లు. పాపకు నిద్ర పట్టని జబ్బేదో ఉందని కొత్త దిగులు కూడా మొదలైంది.

ఒక పొద్దున కాళ్లు చాపుకొని, వాటి మీద పాపను పడుకోబెట్టి నీళ్లు పోస్తున్నాను. కునుకు పట్టింది. చెంబు చేతిలోనే ఉంది, పాప పక్కకు జారింది. వేడినీళ్లు తెచ్చిన అత్తమ్మ బకెట్ వదిలేసి చెయ్యి అడ్డం పెట్టింది. పాప తల బండకు జానెడు దూరంలో ఆగింది.

అత్తమ్మ తిట్టలేదు. పాపకు తువ్వాల చుడుతూ, "ఇయ్యాల రాత్రి పిల్ల నాకాడ పంటది. నువ్వు కడుపునిండ పండుకో" అంది.

"అత్తమ్మా, ఊపిరి..."

"ముగ్గుర్ని సాదిన. ఎవ్వని ముక్కు కాడ వేలు పెట్టలె."

ఆ రాత్రి పాప పక్క గదిలో పడుకుంది. తొట్టెల ఖాళీ. అయినా వేలికి దారం లేకుండా కళ్లు మూయలేకపోయాను, చుట్టుకునే పడుకున్నాను. ఎప్పుడో దారం లాగింది. నిద్రమత్తులో లేచి తొట్టెలలో చెయ్యి పెట్టాను. పాప లేదు. గట్టిగా అరిచాను.

మా ఆయన దిగ్గున లేచి లైటు వేశాడు. పక్క గదిలోంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "ఒర్లకు బిడ్డా, గిక్కడ్నే ఉన్నది. మంచిగ పండింది, లేపకు."

మంచం మీద కూర్చున్నాను. అప్పుడు దారం మళ్లీ లాగింది. ఇద్దరం చూశాం. ఖాళీ తొట్టెల పంకా గాలికి మెల్లగా ఊగుతోంది. మా ఆయన పంకా ఆపాడు. తొట్టెల ఆగింది, దారం వదులైంది. వేశాడు. మళ్లీ ఊగింది.

"గిన్నొద్దులు నిన్ను లేపింది పోరి కాదే, పంక!" అని కడుపు పట్టుకొని నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. పాపలో నేను వెతికిన జబ్బు ఏదీ లేదు. పాపను లేపుతున్నది నేనే.

"ఒక్కపారి మూలిగింది, తట్టిన, పండింది" అంది అత్తమ్మ పొద్దున. "నువ్వు ఊకె లేపితె ఏడ్వక ఏం జేస్తది?"

ఆ వారం, ఆలస్యమైన టీకాకు మా ఊరి దవాఖానకు పోయినప్పుడు అక్కడి సిస్టరమ్మకు నర్సమ్మ మాట చెప్పి అడిగాను, ఇంకా ఎన్నాళ్లు కనిపెట్టుకొని ఉండాలని. ఆమె పాప బరువు తూచింది, ఛాతీ చూసింది. "గా మాట పుట్టిన కొత్తల చెప్పిందమ్మా. ఇప్పుడు మంచిగుంది. నువ్వే పీక్కపోయినవ్, నువ్వు పండుకో" అంది.

ఇంటికొచ్చి దారం కత్తిరించాను. మొదటి రాత్రి బొటనవేలు చూపుడు వేలిని తడుముతూనే ఉంది. రెండో రాత్రి రెండుసార్లు లేచాను, దూరం నుంచే చూసి పడుకున్నాను. ఇప్పుడు పడుకునే ముందు ఒక్కసారి చూస్తాను. ఆ ఒక్కటి మానలేను, మానాలని కూడా లేదు. పాప ఆకలికి లేస్తే దాని గొంతే నన్ను లేపుతోంది. ఆ గొంతు ఎంత పెద్దదో ఇన్నాళ్లూ నాకు తెలియలేదు.

నిన్న కళ్లు తెరిచేసరికి కిటికీలో ఎండ ఉంది. మా ఆయన పక్కన లేడు. కంగారుగా బయటికొస్తే, వసారాలో చాప మీద ముసుగుతన్ని పడుకున్నాడు. అత్తమ్మ ఒడిలో పాప ఆడుకుంటోంది.

"ఏమైందత్తమ్మా, ఈయన ఇక్కడెందుకు పండిండు?"

"నీ గురకకు తట్టుకోలేక బయటికొచ్చిండు పాపం."

"నేను గురక పెట్టనత్తమ్మా" అనబోయి ఆగిపోయాను. నాకెలా తెలుస్తుంది, నిద్రపోతుంటిని కదా.