స్పిరిట్ సీసాలో మూడు చీటీలు

బల్బు కింద తడి ఆకులు వేడెక్కుతుంటే ఒక వాసన వస్తుంది. సగం వానమట్టి, సగం కమురు. ఈ ఉదయం మా కాలేజీ ల్యాబు తలుపు తీయగానే ఆ వాసన ముఖాన కొట్టింది, ఎప్పటిలాగే గుమ్మంలోనే ఆగిపోయాను. నలభై దాటినదాన్ని, పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని, కాసిన్ని ఎండుటాకులకి భయపడటమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. ఆ వాసన ఎప్పుడొచ్చినా మెహరున్నీసా మేడమ్‌ని వెంటబెట్టుకొస్తుంది. ఆవిడ గుర్తుకొస్తే నాకు ముందు భయం వేస్తుంది, ప్రేమ ఆ వెనకాల ఎప్పటికో వస్తుంది.

ఆవిడ నందిగామలో మాకు జంతుశాస్త్రం చెప్పేది. ఇల్లు జగ్గయ్యపేటలో. రోజూ బస్సులో వచ్చేది, ఒక చేతిలో టిఫిను క్యారేజీ, ఇంకో చేతిలో మడతపెట్టిన ఖాళీ సిమెంటు సంచి. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న జగ్గయ్యపేటలో ఖాళీ సంచులకి కరువా! కొన్ని రోజులు ఆ సంచి నిండా చెట్ల కింద రాలిన ఆకులూ, వాటి కింది మట్టీ తోడుకొచ్చేది. దాన్ని పిండి జల్లెడతో జల్లించి, పెద్ద రేకు గరాటులో పోసి, పైన బల్బు వెలిగించేది. పైనుంచి వేడి తగిలేకొద్దీ ఆకుల్లో ఉండే చిన్న పురుగుల గుంపంతా తడి వెతుక్కుంటూ కిందికి దిగి, గరాటు మూతి దగ్గర పెట్టిన స్పిరిట్ సీసాలో పడేది. కండక్టర్లు ఆ సంచి చూసి, “మేడమ్ గారూ, మళ్ళీ చెత్తేనా అండీ?” అనేవాళ్ళు. “చెత్త కాదు నాయనా, ఊరు. జనాభా లెక్కలకి తీసుకెళ్తున్నా,” అనేది.

నేను ఆవిడ దగ్గరే డిగ్రీ చదివి, అదే ల్యాబులో తాత్కాలికంగా పనికి కుదురుకుని, దూరవిద్యలో ఎమ్మెస్సీ కట్టాను. మా నాన్నది నందిగామలో కిరాణా కొట్టు. “కొట్టు వాళ్ళ పిల్లవి కదా వరలక్ష్మీ, పొట్లం మీద పేరు లేకపోతే ఏమవుతుందో నీకు చెప్పాలా?” అని మొదటిరోజే మొదలుపెట్టింది. ఆవిడ కేకలెయ్యదు. కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడుచుకుంటూ, ఎదుటివాళ్ళు నిజం చెప్పేదాకా మాట్లాడకుండా కూర్చునేది. ఆ మౌనం ముందు మా ప్రిన్సిపాలు గారికే చెమటలు పట్టేవి. ఇక నేనెంత!

చీటీల విషయంలో ఆవిడకి మూడు పట్టింపులు. చీటీ పెన్సిలుతోనే రాయాలి. సీసా బయట అంటించకుండా లోపలే వెయ్యాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ఒకసారి వేసిన చీటీని ఎవరూ, ఎప్పుడూ తీయకూడదు. “తప్పైనా సరేనా అండీ?” అని అడిగాను. “తప్పైతే పక్కన ఇంకో చీటీ వెయ్యి. మనుషులు ఎక్కడ తప్పారో కూడా తెలియాలిగా తర్వాతి వాళ్ళకి,” అంది. “ఎక్కడ దొరికిందో, ఎవరు పట్టారో తెలియని పురుగు పురుగే కాదమ్మాయ్. అప్పుడు కండక్టరు మాటే నిజం, చెత్త.”

ఆవిడ వెతుకుతున్నది ఆవగింజలో సగం కూడా లేని ఒక నల్ల పురుగుని. వీపు మీద గట్టి రెక్కల మూత ఉంటుంది, కానీ మూత కింద ఎగిరే రెక్కలుండవు. పుట్టిన ఆకుల్లోనే తిరిగి ఆ ఆకుల్లోనే పోతుంది. అమెరికా అడవుల్లో ఇలాగే ఆకుల అడుగున బతికే చిన్న పురుగొకటి ఉందట, ఇది దానికి దూరపు చుట్టం అనేది. మైక్రోస్కోపులో దాని వీపు మీది గుంటల వరసలు లెక్కపెట్టి, మీసాల చివర కణుపుల బొమ్మ గీసి, రెండూ ఒకటి కావని తేల్చడానికి ఆవిడకి ఏళ్ళు పట్టింది. మేము దాన్ని ‘మన నల్లది’ అనేవాళ్ళం. జగ్గయ్యపేట అవతల ఒక సున్నపురాయి గుట్ట ఉండేది. దాని ఉత్తరం వైపు వాగు పక్కన చిన్న చెట్ల ముక్క. నల్లది దొరికింది అక్కడొక్కచోటే. చుట్టూ క్వారీలు. మధ్యాహ్నం పేలుళ్ళ మోతకి కాళ్ళ కింద నేల అదిరేది. ఆవిడ ఆకులు తోడుతున్న చెయ్యి ఆపి, మోత అయిపోయాక మళ్ళీ తోడేది. “రెక్కల్లేనిది ఎక్కడికి పోతుందే?” అని ఒకసారి తనలో తానే అనుకుంది. ఆ మాటలోని భయం నాకప్పుడు తెలియలేదు.

ఇక నా నిర్వాకం చెప్తాను. ఒక వానాకాలం ఆవిడ జ్వరంతో రాలేదు. నేనే ఒక్కదాన్ని వెళ్ళి గుట్ట నుంచి ఒక సంచీ, పోలిక కోసం మా నందిగామ పొలిమేరలో మామిడితోట నుంచి ఒక సంచీ తెచ్చాను. రెండు గరాటుల్లో పోశాను. పెన్సిలు కనపడలేదు. నాన్న కొట్లోంచి తెచ్చుకున్న బాల్ పెన్ను చేతిసంచిలో ఉంది. ఏమవుతుందిలే అని దాంతోనే చీటీలు రాసి సీసాల్లో వేశాను. మూడోరోజు చూద్దును కదా, రెండు సీసాల్లోనూ స్పిరిట్ నీలంగా ఉంది, చీటీలు తెల్లగా ఉన్నాయి. ఒక సీసాలో మూడు నల్లవి ఉన్నాయి. ఇంకోదాంట్లో చీమలు తప్ప ఏమీ లేవు. పైగా ఆ ఉదయమే అటెండరు బల్లలు తుడుస్తూ సీసాలు అటూ ఇటూ జరిపానన్నాడు. ఏది ఏదో చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

అప్పుడే వరండాలో ఆవిడ చెప్పుల చప్పుడు వినిపించింది. జ్వరం తగ్గీ తగ్గకుండానే వచ్చేసింది. ముందు ప్రిన్సిపాలు గారి గదిలోకి వెళ్ళింది. ఆవిడ తిరిగొచ్చేలోగా తెల్ల చీటీలు తీసి నలిపి జాకెట్లో దోపుకున్నాను. స్పిరిట్ మార్చాను. పెన్సిలు వెతికి పట్టుకుని కొత్త చీటీలు రాశాను. నల్లవి ఉన్న సీసాలో ‘నందిగామ, మామిడితోట’ అని వేశాను. ఎందుకు అలా రాశానంటే, నల్లవి ఉన్నది ఎడమవైపు సీసా, ఎడమవైపుది తోటదని లీలగా గుర్తు. అది సగం కారణం. మా ఊళ్ళో కూడా దొరికిందంటే ఆవిడ మొహం విప్పారుతుందన్న ఆశ మిగతా సగం. విప్పారింది కూడా. “నీ ఊరు పరువు నిలబెట్టావే!” అంది. ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ రోజు అన్నం సయించలేదు.

నల్లది దొరికిన చోట్లు చూపే ఆవిడ పటంలో నందిగామ దగ్గర ఒక చుక్క పెట్టింది. ఆ పటం ఆవిడ వ్యాసంతో పాటు ఒక సైన్సు పత్రికలో అచ్చయింది. ఆ తర్వాత నాలుగేళ్ళు, ఆవిడ బీరువా తాళం తిప్పిన ప్రతిసారీ నా ప్రాణం పోయి వచ్చేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ‘చీటీ’ అన్న మాట వినిపిస్తే చాలు, చెయ్యి జాకెట్టు మీదికి వెళ్ళేది. చెప్పేద్దామని ఎన్నిసార్లు వెళ్ళానో! ఆవిడ కళ్ళజోడు తీసేది, నేను “ఏం లేదండీ” అని తిరిగొచ్చేదాన్ని.

నాలుగో ఏడు ఆ గుట్ట తవ్వకానికి ఒక కంపెనీ అనుమతి అడిగింది. షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఊరివాళ్ళు దుమ్ము గురించి, ఉద్యోగాల గురించి అడిగారు. చివర్లో మేడమ్ లేచింది. గుట్ట మొత్తం వదలమనలేదు, వాగు పక్క చెట్ల ముక్క వదిలేయమంది. కంపెనీ తరఫున వచ్చిన కుర్రాయన చాలా మర్యాదస్తుడు. ఆవిడ వ్యాసమే చేతిలో పట్టుకుని అడిగాడు: “మేడమ్ గారూ, ఈ పురుగు బతకాలంటే ఈ ముక్క వదలాలంటున్నారు. మీ పటంలోనే నందిగామలో ఉన్నట్టు చూపించారు కదండీ?”

నేను ఆవిడ పక్క కుర్చీలోనే ఉన్నాను. ఇప్పుడు లే, ఇప్పుడు లేచి చెప్పు అని లోపల ఎవరో అరుస్తున్నారు. లేవలేదు. ఆవిడ ఒకసారి నా వైపు చూసింది, అనుమానంతో కాదు, నమ్మకంతో. “అవునండి. నా పటంలో ఉంది. నందిగామలో కూడా ఉంది,” అని చెప్పి కూర్చుంది.

సభ అయ్యాక జగ్గయ్యపేట బస్టాండులో చెరుకురసం బండి పక్కన నిలబడ్డాం. నాకు ఇక ఆగలేదు, ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. నందిగామ బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. ఆవిడ కళ్ళజోడు తీయలేదు. మొదట అడిగింది ఇదీ.

“ఏ పెన్నుతో రాశావ్?”

“బాల్ పెన్నండి.”

“నాలుగేళ్ళు ఎందుకు చెప్పలేదే?”

“భయమండి.”

“నేనంటేనా?”

తలూపాను. ఆవిడ మొహం అప్పుడు పాలిపోయింది. పురుగు గురించి కాదు, గుట్ట గురించి కాదు. “నిజం చెప్పడానికి భయపడేలా పాఠం చెప్పానన్నమాట. ఇంక నేను నేర్పిందేముంది?” అంది. తిట్టినా బాగుండేది.

ఆ వారమే అధికారులకీ, పత్రికకీ ఉత్తరాలు రాసింది. చీటీ విషయంలో పొరపాటు జరిగింది, నందిగామ చుక్క తీసేయండి, పొరపాటు నాది అని. “నా పేరు రాయండి మేడమ్,” అన్నాను. అంత గట్టిగా ఏమీ అనలేదు, నాకు తెలుసు. “వచ్చే నెల నీకు ఇంటర్వ్యూ ఉంది. నోరు మూసుకుని చదువుకో,” అంది. మూసుకున్నాను. హమ్మయ్య అనుకున్నాను కూడా! అనుమతి వచ్చేసింది. ఆ చుక్క వల్ల గుట్ట పోయిందో, చుక్క లేకపోయినా పోయేదో నాకు తెలియదు. తెలియకపోవడం ఇంకా భయంగా ఉంటుంది. ఏదో ఒకటని తేలితే పడుకోవచ్చు.

ఈ కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వచ్చింది. కొత్తలో ఒకరోజు స్టాఫ్ రూములో ఎవరో, “మెహరున్నీసా గారికి చూపు ఆనడం లేదు పాపం, చీటీలు కలిపేసుకుందట,” అని నవ్వారు. నేను టిఫిను డబ్బా మూత తీస్తూ వింటున్నాను. పులిహోర. రెండు ముద్దలు తిన్నాను కూడా.

ఆవిడ నాకు శిక్ష వెయ్యలేదు, పని చెప్పింది. ఏటా తొలకరికి ఇద్దరం ఆ మామిడితోటకి వెళ్ళేవాళ్ళం. తోడేవాళ్ళం, జల్లించేవాళ్ళం, బల్బు వెలిగించేవాళ్ళం. నల్లది ఒక్కసారీ పడలేదు. పడని సీసాలో కూడా చీటీ వేయించేది: తారీకు, స్థలం, ‘లేదు’. “లేదని చెప్పాలన్నా సాక్ష్యం కావాలమ్మాయ్,” అనేది. రిటైరైనా వచ్చేది. మోకాళ్ళు అరిగాక తోట గట్టు మీద పీట వేసుకుని కూర్చుని, నేను తోడుతుంటే చూసేది. ఆ చూపులో కోపం ఎక్కడుందా అని వెతికేదాన్ని. కనపడలేదు, కానీ వెతకడం మానలేకపోయాను.

పోయిన చలికాలం ఆవిడ పోయింది. వాళ్ళ తమ్ముడు గారు ఒక అట్టపెట్టె తెచ్చి, “అక్క ఇది మీకే ఇమ్మందండి,” అని ఇచ్చి వెళ్ళారు. ఆరు నెలలు దాన్ని విప్పే ధైర్యం చాల్లేదు. ఈ ఉదయం, ఈ వాసనలో నిలబడి విప్పాను. అన్నీ సీసాలే. అడుగున ఆ సీసా. మూడు నల్లవి అలాగే ఉన్నాయి. నా దొంగ చీటీ అలాగే ఉంది, ఆవిడ తీయలేదు. దాని పక్కన ఆవిడ రాతతో రెండో చీటీ: ‘స్థలం తెలియదు. పట్టింది: మెహరున్నీసా’.

ఆ రోజు జ్వరంతో ఇంట్లో పడుకున్న మనిషి, పట్టింది తనేనని రాసుకుంది. చీటీ మీద అబద్ధం రాయడం ఆవిడ జన్మలో అదొక్కసారే అయ్యుంటుంది, అదీ నా కోసం. కుర్చీలో కూలబడి ఏడ్చాను.

తర్వాత పెన్సిలు చెక్కి, మూడో చీటీ రాశాను. ‘స్థలం తెలియదు. పట్టింది, చీటీ మార్చింది: వరలక్ష్మి.’ ఆవిడ చీటీని నేను తీయలేదు, తీయకూడదు. పత్రికకి కూడా ఉత్తరం రాశాను, నా పేరుతో. రేపు స్టాఫ్ రూములో ఏమంటారో అని భయంగానే ఉంది. మీరేమనుకుంటారో అని కూడా. ఆవిడకి చూపు బాగానే ఉండేదండీ, చివరిదాకా.

చీటీ సీసాలోకి జార్చాను. మూత బిగించి వెలుతురులో పెట్టి చూశాను. స్పిరిట్ నీలంగా మారలేదు. అక్షరాలు అలాగే ఉన్నాయి.